పెద్దసారు రాసిన నా పుట్టినతేదీ

పెద్దసారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను ఏడో తరగతి పిల్లలకు భిన్నాల కూడికలు చెబుతున్నాను. జేబులో సెల్లు రెండుసార్లు మోగి ఆగింది. క్లాసులో ఫోను ఎత్తే అలవాటు నాకు లేదు. మూడోసారి మోగితే వరండాలోకి వెళ్ళి ఎత్తాను. అవతల సారు భార్య. ఆమెను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. "సారు పోయిండు బిడ్డా. పొద్దున చాయ్ తాగి పండుకున్నడు, మళ్ళ లేవలే," అన్నది. గొంతులో ఏడుపు లేదు. వస్తున్నానని చెప్పి క్లాసులోకి తిరిగి వెళ్ళి లెక్క పూర్తి చేశాను. ఒక పిల్ల లేచి, "సార్, హారం తప్పేసిన్రు," అంది. చూసుకుంటే బోర్డు మీద అంతా తప్పే. చాక్‌పీసు బల్ల మీద పెట్టి, హెడ్మాస్టరుకు చెప్పి, పెబ్బేరులో వనపర్తి బస్సు ఎక్కాను.

ఆయన నాకు చుట్టం కాదు. తిమ్మాజిపేట దగ్గర మా ఊరి బడిలో ఒకటి నుంచి ఐదు దాకా నాకు చదువు చెప్పిన హెడ్మాస్టరు. బడికి ఉన్నదే ఇద్దరు పంతుళ్ళు. ఒకరు పెద్దసారు, ఒకరు చిన్నసారు. పెద్దసారు రిటైరయ్యాక వనపర్తిలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఇంటర్ చదవడానికి ఆ ఊరు వెళ్ళిన నన్ను ముందుగదిలో ఉండమన్నారు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. మంచి మాటలకేం, చాలానే ఉన్నాయి. కానీ నేను ఆయనకు చేసింది దాచిపెట్టి అవి మాత్రమే రాస్తే అది ఆయన నేర్పిన చదువు అనిపించుకోదు.

ఇంటర్ రెండో ఏడాదిలో నాకు మిలిటరీ ఆఫీసరు కావాలనే పిచ్చి పట్టింది. సిపాయి కాదు, ఆఫీసరు. దానికి పూణే దగ్గర ఒక అకాడమీ ఉందని, ఇంటర్‌తోనే తీసుకుంటారని పేపర్లో చదివాను. ఇంటికి వెళ్ళి చెబితే మా అమ్మకు మిగతా ఏదీ అర్థం కాలేదు గాని పూణే అన్న మాట పట్టుకుంది. "మేం మట్టి మోసిన పూణేనా?" అంది. అవునన్నాను. "ఆడికే పోతవారా, కుర్చీల కూసునుటానికి?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పంటలు అయిపోగానే మా అమ్మానాయనలు మేస్త్రి వెంట పూణేకు పనికి పోయేవారు. పాలమూరు పల్లెల్లో అది కొత్త సంగతేమీ కాదు.

పెద్దసారు మాత్రం నవ్వలేదు. పెద్ద పోస్టాఫీసుకు వెళ్ళి దరఖాస్తు ఫారం ఆయనే తెచ్చారు. ఆ రోజుల్లో ఆ ఫారాలు అన్నిచోట్లా దొరికేవి కావు. మొదటిసారి రాత పరీక్షలోనే బోల్తా కొట్టాను. ఇంగ్లీషు పేపరు నాకు గ్రీకు పేపరులా కనిపించింది.  సారు ముందుగది తలుపు మీద చాక్‌పీసుతో రోజుకో ఇంగ్లీషు మాట రాయడం మొదలుపెట్టారు. సాయంత్రానికి ఆ మాట పెట్టి మూడు వాక్యాలు నేను చెప్పాలి. చెప్తేనే చాయ్. రిటైరై ఏళ్ళు గడిచినా ఆయన అంగీ జేబులో చాక్‌పీసు ముక్క ఉండేది. పెద్దమ్మ ఉతికిన ప్రతి అంగీ జేబూ తెల్లగా ఉండేది. "బడి ఆయన్ని ఇడిసిపెట్టింది గాని ఆయన బడిని ఇడువలే," అని ఆమె సణిగేది.

ఇంటర్ అయ్యాక వనపర్తిలోనే డిగ్రీలో చేరాను. చేరానంటే చేరాను అంతే, మనసు మాత్రం అకాడమీలోనే ఉంది. రెండోసారి రాసిన పరీక్ష గట్టెక్కింది. బెంగళూరులో ఐదు రోజుల ఇంటర్వ్యూకు రమ్మని ఉత్తరం వచ్చింది. రైలు గద్వాలలో ఎక్కాలి. సారు నన్ను సాగనంపడానికి గద్వాల దాకా వచ్చారు. పెద్దమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, పల్లికారం మూట ఆయన చంకలోనే ఉంది. ప్లాట్‌ఫారం మీద ఊరికే ఉండనివ్వలేదు. "ఆడికి పోయినంక నోరు తెర్వకుంటే ఎట్ల? ఇక్కడ్నే ఎవరితోనన్న ఇంగ్లీషుల మాట్లాడు," అన్నారు. కోటు వేసుకున్న ఒకాయన దగ్గరికి వెళ్ళి టైమెంతైందని ఇంగ్లీషులో అడిగాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "నెత్తి మీద అంత పెద్ద గడియారం పెట్టుకోని నన్నడుగుతవేంది తమ్మీ?" అన్నాడు. సారు కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వారు. ఆయన అంతగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

ఐదో రోజు తీసుకున్నవాళ్ళ నంబర్లు చదివారు. నా నంబరు లేదు.

తిరిగి వచ్చాక సారు అంతా పూసగుచ్చినట్టు చెప్పమన్నారు. ఇంటర్వ్యూలో ఒక ఆఫీసరు, ఈసారి రాకపోతే ఏం చేస్తావని అడిగాడని చెప్పాను. "కాలేజీ మానేసి మళ్ళీ మళ్ళీ రాస్తాను, ఇది లేకపోతే నాకు జీవితమే లేదన్నాను సార్," అని కొంచెం గొప్పగానే చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు.

"ఇది లేకుంటే బతుకే లేదన్నోని చేతికి నలుగురి బతుకులు ఎట్ల అప్పజెప్తర్రా?"

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. పైగా నేను నిజంగానే కాలేజీ మానేసి హైదరాబాదులో కోచింగుకు పోదామని నిశ్చయించుకుని ఉన్నాను. అదే చెప్పాను. రెండు పడవల మీద కాళ్ళు పెడితే మునుగుతామని సామెత కూడా విసిరాను.

"కృష్ణానదిల పుట్టి పడవ నడిపెటోన్ని చూసినవా?" అన్నారు సారు. "వాడు కూసునేది ఒక్క పుట్టిలనే. గాని ఈత నేర్సుకోని కూసుంటడు. నీకు కాలేజి ఈత అసుమంటిది. పొద్దున ఉరుకు, పగలు కాలేజికి పో, సాయంత్రం మిలిటరీ సదువు సదువు. ఒక్కనాడు కాలేజి ఎగ్గొట్టినవో, ఫారం తెచ్చిచ్చుడు బంద్."

అన్నట్టే రోజూ కనిపెట్టి ఉన్నారు. ఇవాళ ఏం చెప్పారని అడిగితే నేను పుస్తకం చూసి అబద్ధం చెప్పగలనని ఆయనకు తెలుసు. అందుకని సాయంత్రం గడప దాటగానే, "ఇయ్యాల లెక్కల సారు ఏ రంగు అంగీ తొడిగిండు?" అని అడిగేవారు. చెప్పిన రంగు నిజమో కాదో ఆయనకు తెలిసే దారి లేదు. అయినా ఆ ముఖం ముందు అబద్ధం వచ్చేది కాదు. మిత్రులు సినిమాకు పిలిస్తే, "అంగీ రంగు చూసొస్తా ఆగండ్రా," అని క్లాసుకు పోయేవాణ్ణి. ఆ ఏడాది నా హాజరు చూసి లెక్చరర్లే ఆశ్చర్యపోయారు. ఎలాగూ వెళ్ళాను కాబట్టి లెక్కలు బుర్రకెక్కాయి. ఈ రోజు నేను తింటున్న తిండి ఆ లెక్కలదే.

మూడోసారి పరీక్ష ఏప్రిల్‌లో రాశాను. సరిగ్గా రాయలేదని హాల్లోంచి బయటికి వస్తుండగానే తెలిసింది. పర్వాలేదు, నాలుగోది ఉందిగా అనుకున్నాను. మే నెలలో ఆ ప్రకటన వచ్చింది. ఉద్యోగాల పేపరు ముందు సారే చదివేవారు, చేతిలో పెన్సిల్ పట్టుకుని. ఆ పొద్దున మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఒకే పేజీ చూస్తున్నారు. నేను భుజం మీది నుంచి తొంగి చూశాను. ఫలానా ఏడాది జూలై రెండుకు ముందు పుట్టినవాళ్ళు అర్హులు కారని ఉంది. నా సర్టిఫికెట్లో అదే ఏడాది జూన్ ఒకటి.

"నెల సార్. ఒక్క నెల," అన్నాను.

"తెల్సు," అన్నారు. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "నువ్వు జూన్ ఒకటికి పుట్టలే బిడ్డా. అది నేను రాసిన తేదీ. అసలుకు నువ్వు అది దాటినంక ఏడాది మీద నాలుగు నెలలకు పుట్టినవ్."

మా బడి రిజిస్టరులో సగం మంది జూన్ ఒకటినే పుట్టాం. బడులు తెరిచే ముందర ఐదేళ్ళు నిండినట్టు చూపడానికి పంతుళ్ళు వేసే తేదీ అది. దాని మీద మేమే జోకులు వేసుకునేవాళ్ళం. నా విషయంలో మాత్రం అది నాలుగు రోజుల తేడా కాదు. ఆ ఏడాది అమ్మానాయనలు పూణే పోతూ నన్ను కూడా తీసుకుపోబోయారు. నాయనమ్మ కూలికి పోతే పగలు నన్ను చూసేవాళ్ళు లేరు. సారు దారిలో ఎదురై, పిల్లగాణ్ణి బడిలో వదిలిపెట్టి పొమ్మన్నారు. అప్పటికి నాకు నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఎప్పుడు పుట్టాడని అడిగితే మా అమ్మ, "పీర్ల పండుగ దాటినంక, శనిగె ఇత్తేటప్పుడు," అని చెప్పిందట. సారు జూన్ ఒకటి అని రాసి, ఏడాది వెనక్కి జరిపారు.

"మరి ముందుగాల్నే ఎందుకు చెప్పలే?" అని అరిచాను.

"మూడుసార్లకు మోకా ఉండె. మూడిట్ల ఒకదాంట్లన్న దొరుకుతదనుకున్న. చెప్తే నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే."

అసలు వయసు ప్రకారం నాకు ఇంకా రెండు మూడు అవకాశాలు ఉండేవి. ఆ లెక్క నా తలలో గిర్రున తిరిగింది. "మీరు కలంతోటి ఒక గీత గీసిన్రు సార్. నా బతుకు ఆడ్నే ఆగిపోయింది," అన్నాను.

ఆయన వాదించలేదు. నాలుగేళ్ళ పిల్లవాడికి మేలు చేయబోయానని కూడా చెప్పుకోలేదు. "అవు బిడ్డా," అన్నారు. అంతే. ఆ సాయంత్రమే ట్రంకుపెట్టె భుజాన వేసుకుని హాస్టలుకు వెళ్ళిపోయాను. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, అన్నం తిని పొమ్మంది. తినలేదు.

తర్వాత ఆయన ఏం చేశారో పెద్దమ్మ చాలా రోజులకు చెప్పింది. నాగర్‌కర్నూల్ విద్యాశాఖ ఆఫీసుకు మూడుసార్లు తిరిగారట. ఈ పిల్లవాడి పుట్టినతేదీ నేనే తప్పు రాశాను, తప్పు నాది, దిద్దండి అని కాగితం రాసి పట్టుకుపోయారట. పదో తరగతి సర్టిఫికెట్లో పడ్డాక దిద్దడం తమ చేతిలో లేదని వాళ్ళు చెప్పారు. అక్కడ గుమస్తా ఒకాయన సారు దగ్గరే చదువుకున్నవాడు. "సార్, ఈ కాయిదం ఎవ్వరికి చూపియ్యకుండ్రి, మీ పింఛన్‌కే ఎసరొస్తది," అని బతిమాలి వెనక్కి పంపాడట. మూడోసారి కూడా అదే కాగితం, అదే ఎండ. ముప్పై ఏళ్ళు ఎవరి ముందూ తలవంచని మనిషి, తాను తప్పు చేశానని ఒప్పుకోవడానికి బల్ల బల్లకూ తిరిగారు. అప్పుడు నేను హాస్టల్లో మంచం మీద పడుకుని ఆయన్ని తిట్టుకుంటున్నాను.

ఊరికి వెళ్ళినప్పుడు అమ్మకు చెప్పాను. నా తరఫున కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. చాట కింద పెట్టి నా వంక చూసింది. "నీ ఈడోడు మీ చిన్నాయన కొడుకు లేడా? వాన్ని మాతోటి తీస్కపోతిమి. ఇయ్యాలటికి మేస్త్రి ఎన్క తిరుగుతుండు. సారు గట్ల రాయకుంటే నువ్వు గూడ వాని పక్కన్నే ఇటుకలు మోస్తుంటివి. మిలిటరీ అన్న పేరన్న తెలుస్తుండెనా నీకు?" అంది.

కోపం ఆ రోజే దిగిపోయింది. అయినా వెంటనే వెళ్ళలేదు. మొహం చెల్లలేదని ఇప్పుడు అంటాను గాని, అది మొహం చెల్లకపోవడం కాదు, పొగరు. అలా ఆరు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం కాళ్ళు వాటంతటవే ఆ వీధిలోకి తిరిగాయి. సారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఎందుకొచ్చావని అడగలేదు. ఎక్కడ పోయావనీ అడగలేదు.

"ఇయ్యాల లెక్కల సారు ఏ రంగు అంగీ తొడిగిండు?"

"నీలం, సార్."

"రొట్టె తిను, పో," అన్నారు.

ఆ తేదీ గురించి మేమిద్దరం మళ్ళీ మాట్లాడలేదు. తప్పయింది సార్ అని నేను అనలేదు. మాట్లాడకపోతే అదే మానిపోతుందనుకున్నాను.

డిగ్రీ చేతిలో ఉండబట్టి ఇంకో తలుపు తెరిచి ఉంది. డిగ్రీ అయినవాళ్ళు ఆఫీసరు కావడానికి వేరే పరీక్ష ఉంది, దానికి వయసు ఇరవై నాలుగు దాకా చెల్లుతుంది. కాలేజీ మానొద్దని ఆయన ఎందుకంత పట్టుబట్టారో అప్పుడు అర్థమైంది. తన చేత్తో వేసిన తేదీ ఒక తలుపు మూసేస్తుందని తెలిసి, రెండోది మూసుకోకుండా కాలు అడ్డం పెట్టారు. ఆ పరీక్ష రెండుసార్లు రాశాను. రెండోసారి మళ్ళీ గద్వాల, మళ్ళీ బెంగళూరు. రాకపోతే ఏం చేస్తావని మళ్ళీ అడిగారు. "పిల్లలకు లెక్కలు చెబుతాను, వయసు ఉన్నన్నాళ్ళు దరఖాస్తు పెడుతూనే ఉంటాను," అన్నాను. మంచి జవాబే. ఐదో రోజు మళ్ళీ నా నంబరు చదవలేదు. ఈసారి తేదీ మీద నెట్టేయడానికి లేదు. నేను చాలలేదు, అంతే.

బీఎడ్ చేసి పంతులు ఉద్యోగంలో చేరాను. మొదటి జీతానికి సారుకు ధోవతులు తీసుకుపోతే చేత్తో తడిమి పక్కన పెట్టి, "ఇంకొక్కపారి రాయరాదు బిడ్డా? వయసున్నది గద," అన్నారు. చాలు సార్ అన్నాను. నాకు నిజంగానే చాలనిపించింది. ఆయనకు చాలలేదు.

పోయే ముందు నెలలో దవాఖానలో వారం రోజులు ఉన్నారు. చూడటానికి వెళ్ళాను. మనిషి మంచానికి అంటుకుపోయి ఉన్నారు. నా చేయి పట్టుకుని, "ఈ జూన్ ఒస్తే ఇరవై నాలుగు నిండుతయి నీకు. ఇగ అది గూడ దాటిపాయె," అన్నారు. ఆరేళ్ళుగా ఆయన లోపల లెక్కపెడుతూనే ఉన్నారని అప్పుడు తెలిసింది. ఆ మాటకు నేను చెప్పాల్సిన జవాబు ఒక్కటే. మీరు ఆ తేదీ రాయబట్టే నేను మనిషినయ్యాను సార్ అని. నోటి దాకా వచ్చింది. నర్సు వచ్చి సూది వేయడానికి పక్కకు జరగమంది. జరిగాను. ఆమె వెళ్ళాక మా బడి పిల్లల గురించి, ఎక్కాలు రాని ఎనిమిదో తరగతి గురించి ఏదేదో మాట్లాడి, బస్సు టైమైందని లేచాను. మళ్ళీ వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను.

మొన్న పదోరోజుకు వెళ్ళాను. భోజనాలయ్యాక అందరూ లేస్తుంటే పెద్దమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు అలిగి హాస్టలుకు పోయినవు సూడు, గా ఆరు నెలలు ఆయన ఒక్కనాడు ఇంట్ల నిల్వలే. మోకాళ్ళు నొస్తున్నా చీకటితోటి లేసి గ్రౌండుకు పోతుండె. మళ్ళొచ్చి, 'వాడు ఉరుకుడు మానలేదే, ఉరుకుతుండు' అని చెప్పి అప్పుడు చాయ్ తాగుతుండె. నీకు గీ సంగతి తెల్వదు బిడ్డా," అంది. తెలియదన్నట్టే తలూపాను.

తెలుసు. మొదటి రోజే చూశాను. మైదానం మూల, కోట గోడ పక్కన, మెడకు మఫ్లరు చుట్టుకుని నిలబడేవారు. నేను రోజూ ఎనిమిది చుట్లు ఉరికేవాణ్ణి. ప్రతి చుట్టులో ఆయనకు పది అడుగుల దూరం నుంచి పోయేవాణ్ణి, నేల మీంచి కళ్ళెత్తకుండా. ఆయన పిలిచేవారు కాదు. అమ్మ మాట విన్న మర్నాడు, ఈ చుట్టుకు ఆగిపోదాం అనుకున్నాను. ఆయన దగ్గరికొచ్చేసరికి ఇంకా గట్టిగా ఉరికాను. ఏడో చుట్టు దాకా అక్కడే ఉండేవారు. ఎనిమిదోది నేను ఆగే చుట్టు. ఆగితే ఎదురుపడాల్సి వస్తుందని, నాకు ఆ ఇబ్బంది లేకుండా ముందే బయలుదేరేవారు. నేను మూల తిరిగి వచ్చేసరికి గోడ దగ్గర ఎవరూ ఉండేవారు కాదు. దూరంగా, అప్పుడే తెల్లారుతున్న రోడ్డు మీద, ఒక తెల్లధోవతి మోకాలి మీద చేయి వేసుకుని, ఆగి ఆగి ఇంటి వైపు పోతుండేది.